ఉప్పునీళ్ల ఊళ్లో పెరటికి ఏ ఎరువు?

మా మేడ మీద కుండీల అంచుల్లో ఎండాకాలం వచ్చేసరికి తెల్లటి పొర కడుతుంది. గోరుతో గీరితే సున్నంలా పొడిపొడిగా రాలుతుంది. నెల్లూరులో మేముండే వీధిలో బోరు నీళ్లు అలాంటివి. బిందె అడుగున, కుళాయి మూతి దగ్గర, బాత్‌రూమ్ టైల్స్ మీద పేరుకునేదీ అదే. అందుకే ఎవరైనా "మొక్కలకి ఏ ఎరువు మంచిది?" అని అడిగితే నేను వెంటనే ఒక పేరు చెప్పలేను. మీ నీళ్లు ఎలాంటివి, మీ మట్టి ఎలాంటిది, మీరు పెంచేది ఆకుకూరా, కాయగూరా, పండ్ల చెట్టా అని తిరిగి అడుగుతాను. ఈ మూడూ తెలిస్తే ఎరువు ఎంచుకోవడం పెద్ద పనేం కాదు. అవి తెలియకుండా ఎంత ఖరీదు పెట్టి కొన్నా డబ్బు మట్టిపాలే.

నాకీ సంగతి తెలిసింది వంగ మొక్కల వల్ల. మేడ మీద ఎనిమిది గ్రోబ్యాగుల్లో వంగ నారు నాటాను. బాగా ఎదుగుతున్నాయి కదా, ఇంకాస్త ఊతమిద్దామని 19-19-19 అనే నీళ్లలో కరిగే ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కోటి నూటికి పందొమ్మిది పాళ్లు) తెచ్చి వారం వారం పోశాను. లీటరుకి ఐదు గ్రాములు, ప్యాకెట్ మీద రాసినట్టే. నెల తిరక్కుండా ఆకుల అంచులు కాగితం కాలినట్టు గోధుమ రంగుకి తిరిగాయి. తెగులేమో అనుకుని మందు కొట్టాను. నీళ్లు చాలడం లేదేమో అని ఇంకా పోశాను, అవే బోరు నీళ్లు. మాడు ఇంకా ఎక్కువైంది. పొదిలి నుంచి వచ్చిన మా అమ్మ సంచి అంచుని వేలితో తడిమి చూసి, "మట్టికి ఉప్పు పట్టిందే, ముందు కడుగు" అంది. మున్సిపాలిటీ కుళాయి నీళ్లు పట్టి, ఒక్కో సంచికి రెండేసి బకెట్లు నిదానంగా పోసి, అడుగు చిల్లుల్లోంచి కారిపోనిచ్చాం. ఎరువు ఆపేశాం. మూడు వారాలకి కొత్త ఆకు శుభ్రంగా వచ్చింది.

ఎరువులో తప్పేమీ లేదు. అదే ఎరువు మంచినీళ్లున్న చోట బాగా పనిచేస్తుంది. రసాయన ఎరువుల్లో చాలావరకు నీళ్లలో కరిగే లవణాలే. నీళ్లలో ముందే ఉన్న ఉప్పుకి ఇవి తోడైతే వేరు చుట్టూ ఉన్న తడి చిక్కబడుతుంది. అప్పుడు మట్టి తడిగానే ఉన్నా వేరు ఆ నీటిని లాగలేదు. మన ఎండలకి నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం సంచిలోనే ఉండిపోతుంది. నేలలో అయితే వానకి కొంత కిందికి దిగుతుంది. కుండీలో ఎక్కడికి పోతుంది?

ముందు నీళ్లు, తర్వాత మట్టి

నీళ్లు చూసుకోవడం తేలిక. ఆర్వో ఫిల్టర్ సర్వీసుకి వచ్చే అబ్బాయి దగ్గర పెన్నులాంటి టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపేది) ఉంటుంది, ఒక గ్లాసు బోరు నీళ్లు పట్టి చూడమనండి. 450 పీపీఎం లోపు వస్తే ఏ ఎరువైనా పెద్దగా టెన్షన్ లేకుండా వాడుకోవచ్చు. 450 నుంచి 2000 మధ్య ఉంటే జాగ్రత్త పడాలి. పైకి పోయేకొద్దీ ఎరువు మోతాదు తగ్గాలి. 2000 దాటితే ఆ నీళ్లతో కుండీల్లో కూరగాయలు పెంచడం కష్టమే. వాన నీళ్లో కుళాయి నీళ్లో కలుపుకోక తప్పదు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటలకి దగ్గరగా ఉన్నవాళ్లు ఈ పరీక్ష తప్పకుండా చేయించుకోండి. పక్కింటి బోరుకీ మీ బోరుకీ కూడా తేడా ఉండొచ్చు.

ఇక మట్టి. మన నెల్లూరు, ప్రకాశం ప్రాంతంలో ఒక్కో మూల ఒక్కో నేల. కొత్తపట్నం, ఉలవపాడు లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇసుక. ఒంగోలు చుట్టూ, దర్శి వైపు నల్లరేగడి. పొదిలి, కనిగిరి, ఉదయగిరి వైపు ఎక్కువగా ఎర్ర నేల. ఇసుకలో ఎరువు నిలవదు, నీళ్లతో పాటే కిందికి జారిపోతుంది. అందుకని ఒక్కసారే ఎక్కువ వేయడం దండగ, కొంచెం కొంచెం తరచుగా వేయాలి. నల్లరేగడి ఎరువుని పట్టి ఉంచుతుంది కానీ అందులో సున్నం ఎక్కువ, దానివల్ల జింకు, ఇనుము మట్టిలో ఉన్నా మొక్కకి అందవు. ఎర్ర నేలలో సత్తువ తక్కువ, త్వరగా ఆరిపోతుంది. సేంద్రియ ఎరువు ఎంత వేసినా తాగేస్తుంది.

పెరట్లో నేల మీదే పెంచేవాళ్లయితే ఒక్కసారి భూసార పరీక్ష చేయించుకోవడం మంచిది. ఊళ్లో రైతు సేవా కేంద్రంలో అడగండి. నెల్లూరులోనూ దర్శిలోనూ కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. ఆ కాగితంలో ఉదజని సూచిక (పీహెచ్, మట్టి పులుపా క్షారమా చెప్పే అంకె), లవణాల అంకె, ఈ రెండూ ముందు చూసుకోండి. సూచిక 8 దాటితే బూడిద, సున్నం ఆ పెరడు దరిదాపులకి రానివ్వకండి.

పశువుల ఎరువా, గొర్రెల ఎరువా, వర్మీకంపోస్టా?

సంచి నింపేటప్పుడో, పాదు తవ్వేటప్పుడో వేసే మొదటి ఎరువు ఈ మూడింటిలో ఏదో ఒకటి అయి ఉండాలి. దీన్ని వదిలేసి పైపైన ఏం పోసినా నిలవదు.

మాగిన పశువుల ఎరువులో నత్రజని నూటికి సుమారు అర పాలు. గొర్రె, మేక ఎరువులో సుమారు మూడు పాలు, దాంతో పాటు ఒక పాలు భాస్వరం, రెండు పాళ్లు పొటాష్. వర్మీకంపోస్టు ఈ రెండింటికీ మధ్యలో, ఒకటిన్నర పాలు అటూ ఇటూ. అంకెలు చూస్తే గొర్రెల ఎరువు ఎక్కడో ఉంది. మనది నెల్లూరు గొర్రెకి పుట్టిల్లు. ప్రకాశం మెట్ట ఊళ్లలో పంటకి ముందు చేలల్లో మందలు కట్టించుకోవడం తాతల నాటి నుంచీ ఉంది. రాత్రంతా మంద పడుకున్న చేలో పైరు ఎలా లేస్తుందో చూసినవాళ్లకి ఈ అంకెలతో పని లేదు.

కానీ తెచ్చీ తేగానే వేయకూడదు. పోయినేడు మా అమ్మ పెరటి కోసం రెండు బస్తాలు అడిగితే, ఇచ్చిన కాపరే చెప్పాడు: "ఇప్పుడే ఎయ్యబాకమ్మా, మూడు నెల్లు కుప్పేసి తడుపు. లేకపోతే దొడ్డంతా తుమ్మ మొలుస్తది." అక్షరాలా నిజం. ఎండాకాలంలో గొర్రెలు సర్కారు తుమ్మ కాయలు తింటాయి, గింజలు అరగకుండా పెంటికల్లో బయటికి వస్తాయి. కుప్ప వేసి తడిపి, మీద ఎండుగడ్డో గోనెసంచో కప్పి ఉంచితే లోపల వేడి పుట్టి చాలా గింజలు చచ్చిపోతాయి. నెలకొకసారి పార తిరగేసి అడుగుది పైకి తేవాలి. మాగిందో లేదో తెలుసుకోవడానికి ఒక పెంటికని రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి. పచ్చిది గట్టిగా గింజలా ఉంటుంది. మాగినది నలిగి నల్లటి పొడి అయిపోతుంది, ఘాటు వాసన ఉండదు.

పాలిచ్చే గేదెలు, ఆవులు దగ్గర్లో ఉన్నవాళ్లకి పశువుల ఎరువే చవక. సత్తువ తక్కువ కదా అని తీసిపారేయకండి. ఇసుక నేలలో తడి నిలబెట్టడానికి దానికి మించింది లేదు. కొత్తపట్నంలో మా అక్క వాళ్ల పెరడు మొత్తం ఇసుకే. వాళ్లు ఏటా వేసవిలో చెరువు ఎండినప్పుడు ఒక ట్రాక్టర్ చెరువు మట్టి తోలించుకుని పశువుల ఎరువుతో కలిపి పాదుల్లో వేస్తారు. ఆ పూడిక మట్టిలో బంక ఉంటుంది, అది ఇసుకని పట్టుకుంటుంది. అంతకు ముందు పొద్దునా సాయంత్రం నీళ్లు పోయాల్సిన పాదుకి ఇప్పుడు ఒక్క పూట చాలుతోంది. ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. చెరువు మట్టి అంటే వాన నీళ్లు నిలిచే సాగునీటి చెరువుది. రొయ్యల గుంట అడుగున తీసిన బురద ఊరికే ఇస్తామన్నా తీసుకోకండి. అది నిండా ఉప్పు.

వర్మీకంపోస్టు మేడ తోటలకి అనువు. బరువు తక్కువ, వాసన ఉండదు, కలుపు గింజల బెడద తక్కువ. కాకపోతే మోసాలు ఎక్కువ. ఒక నర్సరీలో నాలుగు సంచులు కొని టమాటాకి వేస్తే నెలయినా మొక్కలో చలనం లేదు. అనుమానం వచ్చి ఒక గుప్పెడు గాజు గ్లాసు నీళ్లలో వేసి కలిపి పెట్టాను. పావుగంటకి అడుగున రెండు వేళ్ల మందం ఇసుక పేరుకుంది. అప్పటి నుంచి ముందు కిలో కొని గ్లాసు పరీక్ష చేసి, తర్వాతే సంచి కొంటున్నాను. మంచి వర్మీకంపోస్టు టీ పొడిలా రవ్వరవ్వగా ఉంటుంది, తొలకరి వానకి లేచే మట్టి వాసన వస్తుంది.

నేను చెప్పేది ఇది. నేల మీద పెంచేవాళ్లకి, అందులోనూ గొర్రెల మందలు తిరిగే ఊళ్లవాళ్లకి, మాగిన గొర్రెల ఎరువే మొదటిది. ఇసుక నేలకి పశువుల ఎరువు, చెరువు మట్టి. మేడ మీద సంచులకి వర్మీకంపోస్టు. సంచిలో మూడో వంతుకి మించి ఎరువు కలపక్కర్లేదు. మిగతాది ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు. కొబ్బరి పొట్టులో కూడా ఉప్పు ఉంటుంది. మంచినీళ్లలో రెండుసార్లు నానబెట్టి పిండి వాడండి, బోరు ఉప్పగా ఉన్న ఇళ్లలో ఈ పని అసలు మానొద్దు.

కోళ్ల ఎరువు కూడా ఘనమైనదే కానీ వేడి చేస్తుంది. రెండు మూడు నెలలు మాగనిదే ఇంటి మొక్కల దగ్గరికి తేకండి.

వేప పిండా, వేరుశనగ చెక్కా?

పంట మధ్యలో పైన వేసే ఎరువుగా ఈ రెంటి మధ్యే ఎక్కువమంది ఊగిసలాడతారు. రెండూ గింజల్లోంచి నూనె తీశాక మిగిలే పిప్పే. వేరుశనగ చెక్కలో నత్రజని సుమారు ఏడు పాళ్లు, వేప పిండిలో సుమారు ఐదు. వేరుశనగ చెక్క త్వరగా కుళ్లి త్వరగా అందుతుంది. వంద గ్రాములు లీటరు నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, ఆ తేటకి పదింతల నీళ్లు కలిపి పోస్తే తోటకూర, పాలకూర వారంలో పచ్చబడతాయి. కానీ ఆ కంపు భరించాలి. ఎండు చెక్కని అలాగే మట్టి మీద చల్లితే చీమలు బారులు తీరతాయి, ఎలుకలు సంచి తవ్వేస్తాయి. అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్లతో మాట పడాల్సి వస్తుంది.

వేప పిండి నిదానం. కానీ టమాటా, వంగ, బెండ వేళ్లకి పట్టే నులిపురుగుని అది అణచిపెడుతుంది. ఎదుగుదల ఆగిపోయిన బెండ మొక్కని పీకి చూడండి. వేళ్ల మీద శనగ గింజల్లాంటి బుడిపెలు కనిపిస్తే అది నులిపురుగే. అలాంటి సంచిలో, పాదులో వేప పిండి తప్ప ఇంకో ఎరువు గురించి ఆలోచించకండి. ఇంకో గుణం కూడా ఉంది. నత్రజని తొందరగా మారిపోయి కొట్టుకుపోకుండా వేప పట్టి ఉంచుతుంది. మనకి దొరికే యూరియాకి వేపనూనె పూత వేసేది అందుకే. ఇసుక నేలవాళ్లకి ఇది చాలా అక్కరకొచ్చే గుణం.

పన్నెండు అంగుళాల సంచికి నెలన్నరకొకసారి ఒక గుప్పెడు వేప పిండి, అంటే యాభై గ్రాములు, మట్టి పైపొరలో కలిపి నీళ్లు పోస్తే చాలు. రెండింటిలో ఒక్కటే కొనమంటే నేను వేప పిండే కొంటాను. ఆకుకూరలు మాత్రమే పెంచేవాళ్లయితే వేరుశనగ చెక్క కొనుక్కోండి.

జీవామృతం తోడు లాంటిది

మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం ఊరూరా ప్రచారంలోకి వచ్చాక జీవామృతం పేరు వినని ఇల్లు లేదు. ఎకరానికి చెప్పే లెక్క రెండు వందల లీటర్ల నీళ్లకి పది కిలోల ఆవు పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇంటికి ఇరవై లీటర్ల బకెట్ చాలు. కిలో పేడ, ముప్పావు లీటరు మూత్రం, రెండు వందల గ్రాముల బెల్లం, అంతే శనగపిండి, చిటికెడు మట్టి. నీడలో గోనె కప్పి పెట్టి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కర్రతో తిప్పుతుంటే రెండు రోజులకి పైన నురగ కడుతుంది, పుల్లటి వాసన వస్తుంది. వారంలోపు వాడేయాలి.

దీని మీద ఆశలు పెట్టుకునేవాళ్లకి ఒక మాట. అన్ని నీళ్లలో కిలో పేడ ఎంత పోషకం ఇస్తుంది? జీవామృతం తోడు లాంటిది, పాలు కాదు. మట్టిలో మాగిన ఎరువు, ఆకు, చెత్త ఉంటే ఆ సూక్ష్మజీవులు దాన్ని మొక్కకి అందేలా మారుస్తాయి. పాలు లేని గిన్నెలో ఎన్ని చెంచాల తోడు వేసినా పెరుగు కాదు. వట్టి కొబ్బరి పొట్టు నింపిన సంచుల్లో జీవామృతం పోసి, మొక్కలు పచ్చబడలేదని బాధపడేవాళ్లని చాలామందిని చూశాను. అదే మా అమ్మ పెరట్లో, ఏటా గొర్రెల ఎరువు తిన్న ఎర్ర నేలలో, పదిహేను రోజులకొకసారి జీవామృతం పోస్తే చిక్కుడు పందిరి మీద ఆకు అరచెయ్యంత వస్తుంది.

ఆకుకూరలకి పోసేటప్పుడు మట్టికే పోయండి, ఆకు మీద పడనివ్వకండి. పేడలో రోగాలు తెచ్చే క్రిములు ఉంటాయి. కోతకి వారం ముందే ఆపేసి, కోసిన ఆకు బాగా కడగాలి. పచ్చిపేడని కొత్తిమీర, పుదీనా మళ్లలో అసలు వేయకండి.

మరి రసాయన ఎరువులు పూర్తిగా మానేయాలా? నేను మానలేదు. సూటిగా ఒక లెక్క చూడండి. వంద గ్రాముల యూరియాలో ఉండే నత్రజని రావాలంటే వేరుశనగ చెక్క ఆరేడు వందల గ్రాములు, వేప పిండి తొమ్మిది వందల గ్రాములు, గొర్రెల ఎరువు కిలోన్నర, వర్మీకంపోస్టు మూడు కిలోలు, పశువుల ఎరువు తొమ్మిది కిలోలు కావాలి. నేలలో స్థలం ఉంది, తొమ్మిది కిలోలు వేస్తాం. సంచిలో ఎక్కడ వేస్తాం? కాపు మీదున్న టమాటాకి, మిరపకి సంచిలో ఉన్న బలం రెండు నెలలకే అయిపోతుంది. అప్పుడు నీళ్లలో కరిగే ఎరువు మంచి సాయమే. నీళ్లు మంచివైతే 19-19-19 లీటరుకి రెండు గ్రాములు, పదిహేను రోజులకొకసారి. టీడీఎస్ వెయ్యి దాటిన నీళ్లున్నవాళ్లు ఒక గ్రాము మించకండి, పోసే నీళ్లయినా కుళాయివి వాడండి. ప్యాకెట్ మీద మోతాదు మీ బోరు నీళ్లని చూసి రాసింది కాదు. ముందు రోజు తడిపిన మట్టికే, సాయంత్రం పూట పోయాలి. ఎండిన మట్టికి పోస్తే వేరు మాడుతుంది.

ఆకుపచ్చగా ఏపుగా పెరిగి పూత పట్టని బీర, సొర తీగ మీ దగ్గర ఉంటే నత్రజని ఎక్కువైనట్టు. అలాంటిదానికి యూరియా, చెక్క నీళ్లు, జీవామృతం అన్నీ ఆపి, పొటాష్ ఒక్కటే ఇవ్వండి.

పొటాష్ విషయంలో పొగాకు రైతు మాట

పొటాష్ రెండు రకాలు. ఎర్రగా ఉప్పురాళ్లలా ఉండి చవకగా దొరికేది మ్యూరియేట్ ఆఫ్ పొటాష్, అందులో పొటాష్ అరవై పాళ్లు. తెల్లగా ఉండి ఖరీదెక్కువైనది సల్ఫేట్ ఆఫ్ పొటాష్, అందులో యాభై పాళ్లు. అంకె చూసినా ధర చూసినా మొదటిదే లాభం అనిపిస్తుంది. కానీ ప్రకాశం వైపు పొగాకు రైతు ఎరుపు పొటాష్ ముట్టుకోడు. అందులో క్లోరిన్ ఉంటుంది, అది ఆకులోకి చేరితే పొగాకు సరిగ్గా కాలదు, బేళ్లకి ధర పడిపోతుంది. అందుకే పొదిలి, కనిగిరి ఎరువుల కొట్లలో సల్ఫేట్ రకం ఎప్పుడూ అడిగేవాళ్లుంటారు.

మన పెరటికి కారణం వేరు, ఎంపిక మాత్రం అదే. ఉప్పు నీళ్లలో ఉన్నది ముఖ్యంగా సోడియం, క్లోరిన్. దాని మీద మళ్లీ క్లోరిన్ ఉన్న ఎరువు దేనికి? నిమ్మ జాతి చెట్లు, చిక్కుడు జాతి తీగలు క్లోరిన్‌ని అసలు ఓర్చుకోలేవు. సంచులకి లీటరు నీళ్లకి రెండు గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్, పూత మొదలైనప్పటి నుంచి పదిహేను రోజులకొకసారి. దాంట్లో ఉన్న గంధకం అదనపు లాభం.

కొబ్బరికి మాత్రం ఇది వర్తించదు. కొబ్బరికి క్లోరిన్ కావాలి. పాతవాళ్లు కొబ్బరి మొదట్లో ఉప్పు వేసేది ఊరికే కాదు. మా అక్క వాళ్ల పెరట్లో కొబ్బరికి ఎరుపు పొటాష్, పది అడుగుల అవతల ఉన్న నిమ్మకి తెలుపు.

పొయ్యి బూడిద కూడా పొటాషే కదా అంటారు. నిజమే, కానీ అది క్షారం. మన నేలలూ నీళ్లూ చాలాచోట్ల ముందే క్షారం వైపు ఉన్నాయి. తెగులు, పేనుబంక మీద చిటికెడు చల్లుకోవడం వేరు, ఎరువుగా దోసిళ్లతో వేయడం వేరు.

వంటింటి ఎరువుల గురించి కొంచెమే చెబుతాను. కూరగాయల తొక్కలు, ఎండాకులు కలిపి కుండలో రెండు నెలలు మాగనిస్తే మంచి కంపోస్టు అవుతుంది. ఊరగాయలు, ఉప్పు వేసిన కూరలు అందులో పడకుండా చూసుకోండి. బియ్యం కడిగిన నీళ్లు పోయండి, నష్టం లేదు, బలం మాత్రం స్వల్పం. గుడ్డు పెంకుల పొడి క్షార నేలలో కరగదు. టమాటా కాయ అడుగున నల్లగా కుళ్లితే పెంకుల పొడి వేయమంటారు. చాలాసార్లు ఆ కుళ్లు ఒకరోజు నీళ్లు పోసి రెండు రోజులు మర్చిపోవడం వల్ల వస్తుంది, నీళ్లలో ఉప్పు ఎక్కువైనా వస్తుంది. నీళ్లు క్రమంగా పోస్తే తర్వాత వచ్చే కాయలు బాగుంటాయి.

నిమ్మ, కరివేపాకు, మామిడి

పొదలకూరు నిమ్మ తోటల మధ్య ఉన్నవాళ్లం, పెరట్లో ఒక్క నిమ్మ చెట్టయినా లేకపోతే బాగుండదు. కొత్తగా పెట్టేవాళ్లు వెంకటగిరి దగ్గర పెట్లూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన బాలాజీ రకం అడగండి, గజ్జి తెగులుని తట్టుకుంటుంది. నిమ్మకి ఎరువు వేస్తున్నా ఆకులు చిన్నవై, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు మచ్చలు పడుతుంటే ఇంకా ఎరువు వేయకండి. అది జింకు లోపం, మన నేలల్లో మామూలే. కొత్త చిగురు వచ్చినప్పుడు లీటరు నీళ్లకి జింక్ సల్ఫేట్ 5 గ్రాములు, మాంగనీస్ సల్ఫేట్ 2, మెగ్నీషియం సల్ఫేట్ 2, ఫెర్రస్ సల్ఫేట్ 2, బోరాక్స్ 1, సున్నం 6, యూరియా 10 గ్రాములు విడివిడిగా కరిగించి కలిపి, గుడ్డలో వడకట్టి ఆకులు తడిసేలా కొడతారు. ఒక్క చెట్టున్నవాళ్లకి ఇన్ని ప్యాకెట్లు భారమే. పక్కిళ్ల వాళ్లు నలుగురు కలిసి కొనుక్కోండి.

ఎరువు చెట్టు మొదట్లో కుప్పగా పోయొద్దు. మధ్యాహ్నం నీడ పడే అంచు వెంట జానెడు లోతు గాడి తీసి అందులో వేసి మట్టి కప్పాలి. తిండి లాగే సన్న వేళ్లు ఉండేది అక్కడే.

కరివేపాకుకి పులిసిన మజ్జిగ పోయడం మన ఇళ్లలో అందరికీ అలవాటు. మజ్జిగలో పులుపు ఉంది, క్షార నేలలో అది కాస్త మేలే చేస్తుంది. కానీ ఉప్పు వేసిన మజ్జిగ మిగిలిందని పోసేవాళ్లున్నారు, అది వద్దు. లేత ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తే మజ్జిగతో కుదరదు, అది ఇనుము లోపం. లీటరు నీళ్లలో ఐదు గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ కరిగించి, ఒక నిమ్మకాయ పిండి, వెంటనే ఆకుల మీద కొట్టండి. వారం ఆగి ఇంకోసారి. కొట్టిన ఆకు పది రోజుల దాకా కూరలో వేయకుండా ఉంటే మంచిది.

మామిడికి లెక్క వయసుతో పెరుగుతుంది. ఏడాది మొక్కకి నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కోటి వంద గ్రాములు, ఏటా వంద పెంచుకుంటూ పదో ఏట కిలో. వంద గ్రాములంటే యూరియా 217 గ్రాములు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 625 గ్రాములు, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 200 గ్రాములు. గొర్రెల ఎరువు బాగా వేసేవాళ్లు ఇందులో సగం తగ్గించుకోవచ్చు. కాయ కోత అయిపోయాక జూన్, జులైలో వేయాలి. అక్టోబరు దాటాక మామిడికి ఎరువు పెట్టకండి. అప్పుడు చెట్టుకి బెట్ట కావాలి. నత్రజని ఇస్తే పూత బదులు చిగురు వేస్తుంది.

మిగతా మొక్కలకి కూడా మన కాలాలు గుర్తుపెట్టుకోవాలి. మనకి వానల్లో పెద్ద పాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. వాయుగుండం కబురు వచ్చిన వారంలో ఏ ఎరువూ వేయకండి, తెల్లారేసరికి కాలవలో ఉంటుంది. ఆ వానలకి సంచుల్లో ఉప్పు మొత్తం కడిగేసుకుపోతుంది, దాంతో పాటు నత్రజని కూడా. ముసురు తెరిపి ఇచ్చిన నాలుగు రోజులకి గుప్పెడు వేప పిండి, దోసెడు వర్మీకంపోస్టు వేస్తే సంక్రాంతికి కాపు బాగుంటుంది. రోహిణి కార్తెలో మాత్రం మొక్కని ప్రాణంతో నిలబెట్టడమే మన పని. నీడ, మల్చింగ్ (మట్టి మీద ఎండాకు పరచడం), నీళ్లు, అంతే. మేము మేడ మీద రెండు పెద్ద డ్రమ్ములు పెట్టి నవంబరు వాన నీళ్లు పట్టుకుంటాం. మూత గట్టిగా బిగించి ఉంచితే ఫిబ్రవరి దాకా వస్తాయి. ఎరువు కలపడానికి ఆ నీళ్లే వాడతాం. బోరు నీళ్లు మామూలు తడికి మాత్రమే.